చిత్రహింసను అమ్మేవాడికి జరిమానా చాలదు

కరెంటు షాక్ కొట్టే లాఠీలు, బొటనవేళ్లకు బిగించే సంకెళ్లు, ముళ్ల లాఠీలు, రెండు కాళ్ల మధ్య ఇనుప కడ్డీ అడ్డుగా పెట్టి వేసే బేడీలు. ఈ సరుకును దేశాలు దాటించి అమ్ముకునేవాళ్లను జైలుకు పంపాలని ఎవరైనా అడిగితే మన దగ్గర వినిపించే జవాబు దాదాపు ఒక్కటే. హింసించేది మనిషి గాని వస్తువు కాదంటారు. హింసించాలనుకున్నవాడికి లాఠీ చాలు, కారప్పొడి చాలు, ఏదీ దొరక్కపోతే బూటుకాలు చాలంటారు. కొట్టిన పోలీసును పట్టుకోండి, సరుకు పంపిన వ్యాపారి నిబంధన తప్పితే జరిమానా కట్టించుకోండి, కావాలంటే లైసెన్సు రద్దు చేయండి, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అంటారు. మనం అమ్మకపోతే చైనావాడు అమ్ముతాడు అనే మాటతో ముగిస్తారు.

ఎగుమతిదారులు ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. హక్కుల కోసం నిలబడే న్యాయవాదుల్లో కూడా కొందరు ఇదే అంటున్నారు. 2023లో పార్లమెంటు జన్ విశ్వాస్ చట్టం చేసి 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనలకు నేర స్వభావం తగ్గించాక ఈ వాదనకు బలం పెరిగింది. వ్యాపారంలో తప్పు జరిగితే జైలు అనేది పాతకాలపు పద్ధతి అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. లెక్కల కాగితం ఆలస్యంగా ఇచ్చినవాడినీ, లేబుల్ మీద అక్షరం చిన్నదిగా వేసినవాడినీ జైల్లో పెట్టకూడదన్నది సరైన మాటే. ఆ చట్టం ఉద్దేశంతో నాకు పేచీ లేదు. ఆ తర్కాన్ని తెచ్చి చిత్రహింసల సరుకుకు అంటగట్టడంతోనే నా పేచీ.

ముందు లాఠీ, కారప్పొడి సంగతి చూద్దాం. ఈ వాదన బలమంతా అక్కడే ఉంది, పైగా అది మన చరిత్రలోంచే వచ్చింది.

1854లో లండన్ పార్లమెంటులో ప్రశ్నలు లేచాక మద్రాసు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు అందులో సభ్యులు. మన కోస్తా జిల్లాలూ, సీమ జిల్లాలూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. శిస్తు కట్టలేని రైతు దగ్గర డబ్బు రాబట్టడానికీ, దొంగతనం ఒప్పించడానికీ తాలూకా నౌకర్లు, పోలీసు బంట్రోతులు ఏమేం చేసేవారో 1855లో వచ్చిన ఆ నివేదిక ఒక్కొక్కటిగా రాసింది. మనిషిని ఎండలో నిలబెట్టేవారు. ఒళ్లు వంచి తాడుతో కట్టి గంటల తరబడి అలాగే ఉంచేవారు. కళ్లల్లో కారం కొట్టేవారు. బొడ్డు మీద పురుగును వదిలి పైన కొబ్బరిచిప్ప బోర్లించేవారు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన పేరు కిట్టి. రెండు కర్రముక్కల్ని ఒక చివర కలిపి కట్టి, మధ్యలో వేళ్లు పెట్టించి, రెండో చివర నొక్కడం. దాన్ని తయారు చేయడానికి ఊళ్లో వడ్రంగి కూడా అక్కర్లేదు.

కాబట్టి కర్రముక్కలతో చిత్రహింస సాధ్యమే, కాదనేవాడు లేడు. కానీ ఆ నివేదికలో ఇంకో విషయం ఉంది. ఇంత హింసకూ బాధ్యులెవరు అన్న చోటికి వచ్చేసరికి అది తప్పంతా కింది స్థాయి దేశీయ నౌకర్ల మీద మోపి, దొరలకు మచ్చ అంటకుండా చూసింది. రైతు వేళ్లు నలిపి రాబట్టిన శిస్తు మాత్రం కలెక్టరు కచేరీ మీదుగా కంపెనీ ఖజానాకే చేరింది. కిట్టి పట్టుకున్న చేయి దోషి అయింది, ఆ చేతితో లాభపడినవాడు పెద్దమనిషిగా మిగిలాడు. చిత్రహింస చరిత్రలో ఇదే జరుగుతూ వచ్చింది. నేరం ఎప్పుడూ కొట్టిన చేతి దగ్గరే ఆగిపోతుంది. ‘కొట్టినవాడిని శిక్షిస్తే చాలదా’ అని ఈరోజు అడిగేవాళ్లు తెలిసో తెలియకో ఆ 1855 తీర్పునే మళ్లీ చెబుతున్నారు.

ఇప్పుడు కిట్టి నుంచి కరెంటుకు వద్దాం. పాల్డెన్ గ్యాట్సో అనే టిబెట్ బౌద్ధ భిక్షువు 33 ఏళ్లు చైనా జైళ్లలోనూ శిబిరాల్లోనూ గడిపాడు. 1990లో ఒక జైలు అధికారి కరెంటు లాఠీని ఆయన నోట్లోకి దూర్చి మీట నొక్కాడు. ఆయన స్పృహ తప్పి, తెలివొచ్చేసరికి నోటినిండా రక్తం. ఆ దెబ్బకు 20 పళ్లు ఊడిపోయాయి. 1992లో విడుదలయ్యాక ఆయన చేసిన పని చూడండి. తన మీద వాడినలాంటి పరికరాలను లంచమిచ్చి సంపాదించి, వాటిని వెంటపెట్టుకుని హిమాలయాలు దాటి మన దేశం వచ్చాడు. కరెంటు లాఠీలను, కత్తులను, బొటనవేలి సంకెళ్లను బల్ల మీద పరిచి చూపించాడు. 1995లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. 2018లో ధర్మశాలలో కన్నుమూశాడు. ప్రాణాలతో బయటపడిన మనిషి తన మాట ఒక్కటే తెచ్చుకుని ఉండొచ్చు. వస్తువులను ఎందుకు మోసుకొచ్చాడు? తన నోట్లో దూర్చింది ఏదో ఒక కార్ఖానాలో తయారై, ధర కట్టి, పెట్టెల్లో సర్ది, ఎవరో అమ్మగా వచ్చిన సరుకు అని లోకం కళ్లారా చూడాలని.

కర్రకూ కరెంటుకూ తేడా నొప్పిలోనే లేదు, ఆనవాలులో ఉంది. లాఠీ దెబ్బ కమిలిపోతుంది, ఎముక విరుగుతుంది, మేజిస్ట్రేటు ముందు చొక్కా విప్పితే కనబడుతుంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాల్లో ఒకటి, కస్టడీలో ఉన్న మనిషిని ప్రతి 48 గంటలకూ డాక్టరు పరీక్షించాలన్నది. ఆ నియమం పనిచేసేది గాయం కనబడితేనే. షాక్ పరికరం మీట నొక్కగానే భరించలేని నొప్పి పుట్టిస్తుంది, ఒకే మనిషి మీద పదేపదే వాడవచ్చు, చర్మం మీద చిన్న ఎర్ర చుక్కలే మిగులుతాయి, అవి కూడా కొన్నాళ్లకు మాయమవుతాయి. పత్రికలూ కోర్టులూ కనిపెట్టి చూసే దేశాల్లోనే ఇలాంటి మచ్చపడని హింస పెరుగుతూ వచ్చిందని డేరియస్ రెజాలి అనే పరిశోధకుడు 2007లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో సాక్ష్యాధారాలతో చూపించాడు. కోర్టు చూపును తప్పించుకోవడానికే ఈ సరుకుకు గిరాకీ. అందుకే కర్రతో పోల్చి దీన్ని తేలిక చేయడం చెల్లదు. కర్రకు వేరే పని ఉంది. నడుముకు కట్టి దూరంనుంచి రిమోటు నొక్కితే ఒంట్లోకి కరెంటు పంపే బెల్టుకు భయపెట్టడం, బాధపెట్టడం తప్ప ఈ లోకంలో ఇంకో పని లేదు.

ఇలాంటి సరుకు కొట్టిన చేతికి దానంతటది చేరదు. 1995లో బ్రిటన్‌లో చానెల్ 4 ప్రసారం చేసిన ఒక పరిశోధన కార్యక్రమం, బ్రిటిష్ కంపెనీల అమ్మకందార్లు కరెంటు లాఠీలను విదేశాలకు సరఫరా చేయడానికి ఒప్పుకోవడాన్ని రహస్య కెమెరాతో పట్టి చూపించింది. సూటూ టై కట్టుకున్న మనుషులు హోటల్ గదుల్లో కూర్చుని ధరలు మాట్లాడుకున్నారు. దేశం తలదించుకుంది. 1997లో అక్కడి కొత్త ప్రభుత్వం ఆ ఎగుమతులను నిషేధించింది. 2005లో యూరోపియన్ యూనియన్ చిత్రహింసలకూ మరణశిక్షకూ వాడే వస్తువుల వ్యాపారం మీద ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది, 2006 జూలై నుంచి అమలు చేసింది, 2019లో మళ్లీ కూర్చి రాసింది. దళారీ పనినీ, ఆయుధాల ప్రదర్శనల్లో ఈ సరుకుకు ప్రచారం చేయడాన్నీ, వాడడం నేర్పించడాన్నీ కూడా దాని పరిధిలోకి తెచ్చింది. తప్పితే ఏ శిక్ష అన్నది సభ్య దేశాలకు వదిలింది. జర్మనీలో ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు. బ్రిటన్‌లో పదేళ్ల దాకా. అక్కడ ఇంకో మెట్టు కూడా ఎక్కారు. బ్రిటిష్ పౌరుడు ప్రపంచంలో ఎక్కడ కూర్చుని ఈ సరుకు బేరం కుదిర్చినా నేరమే. అమెరికాలో బొటనవేలి సంకెళ్లూ ముళ్ల లాఠీలూ పక్కనున్న కెనడాకు పంపాలన్నా లైసెన్సు కావాలి, ఆ దరఖాస్తును తిరస్కరించడమే ప్రభుత్వ విధానం. అక్కడి ఎగుమతుల చట్టాన్ని తెలిసి తెలిసీ మీరితే 20 ఏళ్ల దాకా జైలు, పది లక్షల డాలర్ల జరిమానా.

ఈ దేశాలన్నీ పుణ్యభూములని నేను చెప్పడం లేదు. వాటి చేతులకున్న రక్తం మనకు తెలుసు. వ్యాపారాన్ని అరికట్టడానికి జరిమానా సరిపోదని వాళ్లకు అనుభవం మీద తెలిసింది. ఆ అనుభవం రెండు వందల ఏళ్ల నాటిది.

బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. ఓడలో దొరికిన ఒక్కో మనిషికి వంద పౌండ్ల జరిమానా, ఓడ జప్తు. ఆ కాలానికి అది చిన్న మొత్తం కాదు. అయినా ఓడలు ఆగలేదు. పట్టుబడని ప్రయాణంలో వచ్చే లాభం పట్టుబడిన ప్రయాణంలో పోయే డబ్బును పూడ్చేసేది. వ్యాపారులు జరిమానాను కూడా ఖర్చుల్లో రాసుకున్నారు. అప్పుడు హెన్రీ బ్రూమ్ పార్లమెంటులో లేచి, దీన్ని వ్యాపారం అనడమే తప్పు, ఇది ఘోర నేరం, నేరానికి నేర శిక్షే పడాలని పట్టుబట్టాడు. 1811లో చట్టం మారింది. బానిసల వ్యాపారం చేసినవాడికి 14 ఏళ్ల దాకా ద్వీపాంతరవాసం. 1824కు వచ్చేసరికి సముద్రంలో అది ఓడదోపిడీతో సమానమై మరణశిక్ష దాకా పోయింది. ‘మనం మానేస్తే ఫ్రెంచివాడు చేస్తాడు, పోర్చుగీసువాడు చేస్తాడు’ అనే మాట ఆ రోజుల్లోనూ ఉంది. ఫ్రెంచివాళ్లూ పోర్చుగీసువాళ్లూ చాలా ఏళ్లు చేశారు కూడా. అంతమాత్రాన 1811 చట్టం తప్పని ఈరోజు ఎవరైనా అంటారా?

వ్యాపారికీ ఆవేశంలో నేరం చేసినవాడికీ ఉన్న తేడా ఇదే. కోపంలో కత్తి దూసినవాడు శిక్ష గురించి ఆలోచించడు. సరుకు పంపేవాడు ఆలోచిస్తాడు. ధర, రవాణా, బీమా, లంచం, పట్టుబడే అవకాశం అన్నీ లెక్క వేసుకునే పంపుతాడు. మన విదేశీ వాణిజ్య చట్టం (1992) 11వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు జరిమానా పదివేల రూపాయలకు తగ్గకుండా, సరుకు విలువకు ఐదు రెట్లకు మించకుండా. లక్ష రూపాయల సంకెళ్లు పంపిన మనిషికి మహా అయితే ఐదు లక్షలు. పది పెట్టెల్లో ఒకటి పట్టుబడుతుందనుకుంటే పెట్టెకు సగటున యాభై వేలు పడుతుంది. లాభం అంతకు మించితే వ్యాపారం సాగుతుంది. జైలు ఒక్కటే ఈ లెక్కలో ఇమడదు, ఎందుకంటే దాన్ని కంపెనీ ఖాతాలోంచి కట్టడం కుదరదు. పైగా ఆ జరిమానా అయినా పడాలంటే ఆ వస్తువు ఏదో ఒక నియంత్రణ జాబితాలో ఉండాలి. చిత్రహింసల పరికరాల కోసమంటూ ప్రత్యేకంగా చట్టమే మనకు లేదు.

లేకపోతే ఏమవుతుందో ఇటీవలి చరిత్రే చెబుతుంది. ఇది యూరప్ చట్టంలో షాక్ బెల్టుల పక్కనే ఉన్న ఇంకో సరుకు కథ, మన దేశం ఉన్న కథ.

సోడియం థయోపెంటాల్ ఆపరేషన్ థియేటర్లలో మత్తు ఇవ్వడానికి వాడే మందు. అమెరికా రాష్ట్రాలు దాన్ని మరణశిక్ష ఇంజెక్షన్‌లో మొదటి మందుగా వాడేవి. 2010లో అక్కడ సరఫరా తగ్గింది. అమెరికాలో దాన్ని తయారు చేసే ఏకైక కంపెనీ ఉత్పత్తిని ఇటలీలోని తన కార్ఖానాకు మార్చాలనుకుంది. మరణశిక్షకు వాడబోమని హామీ ఇవ్వమని ఇటలీ ప్రభుత్వం అడిగింది. కంపెనీ హామీ ఇవ్వలేక 2011 జనవరిలో మందు తయారీనే మానేసింది. జైళ్ల శాఖలు లోకమంతా గాలించాయి. పశ్చిమ లండన్‌లో ఒక డ్రైవింగ్ స్కూలు వెనక గదిలోంచి మందుల వ్యాపారం చేసే ఒక చిన్న సంస్థ దొరికింది. అక్కడి మందుతోనే 2010 అక్టోబర్ 26న అరిజోనాలో ఒక మనిషికి మరణశిక్ష అమలైంది. అది బయటికి వచ్చాక రిప్రీవ్ అనే హక్కుల సంస్థ కోర్టుకెక్కింది. ముందు కుదరదన్న బ్రిటిష్ ప్రభుత్వం నవంబర్ చివరికల్లా ఆ ఎగుమతి మీద నియంత్రణ పెట్టింది. 2011 డిసెంబర్‌లో యూరప్ మొత్తానికీ అది వర్తించింది.

లండన్ తలుపు మూసుకోగానే జైళ్ల శాఖలు తొక్కిన గడప మనది. నెబ్రాస్కా రాష్ట్రం ముంబైలోని ఒక మందుల కంపెనీ దగ్గర థయోపెంటాల్ కొన్నది. సంగతి బయటపడ్డాక ఆ కంపెనీ 2011 ఏప్రిల్‌లో ఇక అమ్మబోనని తానే ప్రకటించింది. అది ఆ కంపెనీ మంచితనం, చట్టం బలం కాదు. తర్వాత కోల్‌కతా నుంచి ఒక దళారి రంగంలోకి దిగాడు. జాంబియాలో రోగులకు వాడతామని చెప్పి ఒక స్విస్ కంపెనీ దగ్గర మందు తీసుకుని, దాన్ని నెబ్రాస్కా జైళ్ల శాఖకు అమ్మాడు. ఆ కంపెనీ అధిపతి తమ మందు తమకు తిరిగి ఇప్పించమని నెబ్రాస్కా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. 2015లో అదే దళారికి అదే రాష్ట్రం మళ్లీ 54,400 డాలర్లు కట్టింది. ఆ ఏడే టెక్సస్, అరిజోనా కూడా భారత్ నుంచి తెప్పించుకోజూశాయి, ఆ పెట్టెలను విమానాశ్రయాల్లో పట్టుకున్నారు.

పట్టుకున్నది ఎవరు? మన కస్టమ్స్ కాదు. అమెరికాలోనే మందుల నియంత్రణ సంస్థ పట్టుకుంది. అనుమతి లేని ఆ మందును దేశంలోకి రానివ్వకూడదని 2013లో అక్కడి అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు అందుకు ఆధారం. అంటే మరణశిక్షకు వెళ్లే మందు మన రేవుల నుంచి, మన విమానాశ్రయాల నుంచి బయల్దేరుతుంటే ఆపాల్సిన చట్టం మనకు లేక, కొనేవాడి దేశపు చట్టం ఆపింది. రోగి కోసమని అబద్ధమాడి తీసుకున్న మందును జైలుకు అమ్మితే, ఆ అమ్మకాన్ని నేరమని చెప్పడానికి మన శాసనంలో ఒక్క వాక్యం లేకపోయింది. గొడ్డలి అక్కర్లేదనేవాళ్లు ఇక్కడ ఏ గోరు వాడారో చూపించాలి.

ఈ కథలోనే చైనావాడి వాదనకు కూడా జవాబుంది. థయోపెంటాల్‌ను ఇటలీ ఆపింది, బ్రిటన్ ఆపింది, యూరప్ ఆపింది, ముంబై కంపెనీ మానుకుంది. ఇంకొకడు తప్పకుండా అమ్ముతాడన్న జోస్యం నిజమైతే ఈపాటికి ఆ మందు వరదలా ప్రవహిస్తూ ఉండాలి. అమెరికా జైళ్లకు ఆ దారి మూసుకుపోయింది. థయోపెంటాల్ లాగే బార్బిచ్యురేట్ వర్గానికి చెందిన ఇంకో మత్తుమందును తయారు చేసే డెన్మార్క్ కంపెనీ కూడా 2011లో తన సరుకు జైళ్లకు చేరకుండా పంపిణీని బిగించింది. దానికి బదులు వాళ్లు వేరే పద్ధతులు వెతుక్కున్నారు నిజమే, 2024 జనవరిలో అలబామా నైట్రోజన్ వాయువుతో ఒక మనిషిని చంపింది. వ్యాపారాన్ని ఆపితే మరణశిక్ష ఆగిపోతుందని గాని, సంకెళ్లు ఆపితే పోలీసు స్టేషన్లు దేవాలయాలైపోతాయని గాని నేను అనను. నా చేత్తో ఇవ్వను అని ఒక దేశం అనగలదా లేదా అన్నదే ప్రశ్న. అనగలదని, అంటే ఫలితం ఉంటుందని పదేళ్ల అనుభవం చూపిస్తోంది.

నిజాయితీపరుడైన చిన్న ఎగుమతిదారు కాగితం తప్పుకు జైలు పాలవుతాడని ఇంకో భయం చూపిస్తారు. చట్టం చదవకుండా పుట్టిన భయం ఇది. బ్రిటన్‌లో పదేళ్ల జైలు తెలిసి, తప్పించుకోవాలనే ఉద్దేశంతో చేసినవాడికే. తెలియక జరిగినదానికి వేరే, తేలికైన దారి ఉంది. ఇక ఏది మామూలు వస్తువు, ఏది హింసాపరికరం అన్న గీత గీయడం కష్టమన్నది అసలు నిలబడదు. యూరప్ నిబంధనలో మామూలు బేడీలను నియంత్రణలోంచి మినహాయించారు. మామూలు అంటే ఏమిటో కూడా రాశారు. తాళం వేసినప్పుడు గొలుసుతో సహా ఒక చివర నుంచి ఇంకో చివరికి 280 మిల్లీమీటర్లు దాటకూడదు, పూర్తిగా బిగించినప్పుడు లోపలి చుట్టుకొలత 165 మిల్లీమీటర్లు మించకూడదు, నొప్పి పుట్టించేలా మార్చి ఉండకూడదు. ఒక కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిస్తే తేలిపోయే సంగతి ఇది. టియర్ గ్యాస్, పెప్పర్ స్ప్రే లాంటి రెండు రకాలుగా వాడదగ్గవాటికి నిషేధం లేదు, లైసెన్సు ఉంది. ఎవరికి, ఎందుకు పంపుతున్నారో చెప్పి అనుమతి తెచ్చుకోవడం చట్టబద్ధంగా బతికే ఏ వ్యాపారికీ భారం కాదు.

న్యాయవాద మిత్రుల అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. హింసించి ఒప్పించడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరం, 330వ సెక్షన్ కింద ఏడేళ్లు, తీవ్ర గాయమైతే 331 కింద పదేళ్లు, కొత్త న్యాయ సంహితలో అవి 120వ సెక్షన్‌గా ఉన్నాయి, ప్రేరేపించినవాడికీ సాయపడినవాడికీ అదే శిక్ష, కొత్త నేరం ఎందుకు అని వాళ్ల ప్రశ్న. ప్రేరణ నేరం రుజువు కావాలంటే ఫలానా నేరానికి ఫలానా మనిషి తెలిసి తోడ్పడ్డాడని చూపించాలి. షాక్ బెల్టు అమ్మినవాడికి అది ఎవరి నడుముకు చుట్టుకుంటుందో తెలియదు. తెలుసుకోకుండా ఉండడమే అతని వ్యాపారానికి రక్షణ. అందుకే అమ్మకాన్నే నేరం చేయాలి. ఇది మన న్యాయశాస్త్రానికి కొత్త కాదు. లైసెన్సు లేకుండా నాటు తుపాకీ అమ్మినవాడు, దాంతో ఎవరు ఎవర్ని కాల్చారో తేలకముందే ఆయుధాల చట్టం కింద జైలుకు వెళ్తాడు. శేషాచలం ఎర్రచందనం దుంగను సముద్రం దాటించజూసినవాడికి జైలు తప్పదు. ‘మనం అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు’ అని ఆ దుంగల విషయంలో ఏ ప్రభుత్వమూ అనలేదు. సామూహిక విధ్వంసక ఆయుధాల మీద 2005లో మనమే చేసుకున్న చట్టంలో యావజ్జీవం దాకా శిక్ష ఉంది. చెట్టు విషయంలో, తుపాకీ విషయంలో, క్షిపణి విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని మనిషి వేళ్ల విషయంలో ఎందుకు ఒప్పుకోరు?

కడ్డీ బేడీలు మనకు పరాయి సంగతి కాదు. తీహార్ జైల్లో ఖైదీలకు నెలల తరబడి వేసిన కడ్డీ బేడీల మీద కూడా 1978లో సునీల్ బాత్రా కేసు నడిచింది. చేతి సంకెళ్లు వేయడం కూడా మామూలు పద్ధతి కాకూడదని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. తెలుగునాట 1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారానికి హైదరాబాద్ భగ్గుమన్నది మొదలు కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి హక్కుల కార్యకర్తలు లాకప్పుల గురించి జీవితాంతం కోర్టుల్లోనూ వీధుల్లోనూ మాట్లాడారు. మన కోర్టులు మన ఖైదీ కాళ్లకు వద్దన్న ఇనుమును వేరే దేశపు ఖైదీ కాళ్లకు అమ్ముకోవచ్చా? ఆ కాళ్లు తెలుపో నలుపో, పాస్‌పోర్టు రంగేదో చూసి నొప్పి తగ్గుతుందా?

చిత్రహింసలపై ఐరాస ప్రత్యేక ప్రతినిధి ఆలిస్ ఎడ్వర్డ్స్ 2023లో జనరల్ అసెంబ్లీకి ఇచ్చిన నివేదికలో, చిత్రహింసకు తప్ప ఎందుకూ పనికిరాని సరుకును 54 దేశాల్లో 335కి పైగా కంపెనీలు తయారు చేస్తున్నాయని, లేదా ప్రచారం చేస్తున్నాయని తేల్చారు. 2019 జూన్‌లో ఈ వ్యాపారానికి ఉమ్మడి ప్రమాణాలు పరిశీలించాలన్న తీర్మానానికి అక్కడ 81 దేశాలు ఓటేశాయి, 20 వ్యతిరేకించాయి, 44 తటస్థంగా ఉన్నాయి. పని నెమ్మదిగా సాగుతోంది. ఉన్న చట్టాల కింద కూడా కేసులు చాలా తక్కువ. 2013లో లండన్ ఆయుధాల ప్రదర్శనలో నిషిద్ధ సరుకుకు ప్రచారం చేస్తున్న రెండు విదేశీ కంపెనీలను నిర్వాహకులు బయటికి పంపారు. బయటికి పంపడం శిక్ష కాదు. కేసులు తక్కువ కాబట్టి జైలు శిక్ష వ్యర్థం అని దీన్ని చూపించి వాదించేవాళ్లున్నారు. వరకట్నం కేసుల్లో శిక్షలు తక్కువ పడుతున్నాయని వరకట్న నిషేధ చట్టం తీసేద్దామా? కేసులు పెట్టనిది అధికారుల తప్పు. వాళ్లను కదిలించడానికి చట్టం ముందు ఉండాలి.

మన ప్రభుత్వం చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997 అక్టోబర్ 14న సంతకం చేసింది. ఇప్పటికీ ధ్రువీకరించలేదు. చిత్రహింసలో పాలుపంచుకోవడాన్నీ తోడ్పడడాన్నీ నేరం చేయాలని ఆ ఒడంబడిక నాలుగో అధికరణం చెబుతుంది. 2010 మే నెలలో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది. అది రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి, చివరికి మురిగిపోయింది. 2017 అక్టోబర్‌లో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరించమనీ, చట్టం చేయమనీ మళ్లీ చెప్పి ముసాయిదా కూడా రాసిచ్చింది. అదీ అలాగే ఉంది.

ఆ ముసాయిదాను బయటికి తీసి, అందులో ఒక అధ్యాయం ఈ వ్యాపారానికి కేటాయించాలి. నిషిద్ధ వస్తువుల జాబితా ఒకటి, లైసెన్సుతో పంపదగ్గవాటి జాబితా ఒకటి ఉండాలి. తెలిసి ఉల్లంఘించినవాడికి జైలు పడాలి. దళారికీ, ప్రచారం చేసినవాడికీ, సంతకం పెట్టిన డైరెక్టరుకూ అదే శిక్ష వర్తించాలి. కోల్‌కతాలో కూర్చుని చేసినా దుబాయ్‌లో కూర్చుని చేసినా మన పౌరుడి మీద కేసు నడవాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది వెళ్తున్నారు. మీ ఎంపీ మీ ఊరొచ్చినప్పుడు రోడ్ల గురించీ రైళ్ల గురించీ అడుగుతారు, అడగాల్సిందే. ఈ బిల్లు గురించి కూడా అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.